గోడ నడుమ గాలి

తృతీయ బి.యస్సీ. (గణితం, భౌతికం, రసాయనం)

గోడ అంటే మన ఊళ్లలో ఒక్కటే గోడ. ఇటు మేకు కొడితే అటు సున్నం రాలుతుంది. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ 1920ల తర్వాత కట్టిన ఇటుక ఇళ్లలో చాలావాటికి బయటి గోడ అనేది నిజానికి రెండు గోడలు. బయట నాలుగంగుళాల గోడ ఒకటి, లోపల నాలుగంగుళాల గోడ ఇంకొకటి, నడుమ రెండంగుళాల సందు. ఆ సందునే వాళ్లు క్యావిటీ అంటారు. ఆ సందులోని గాలి గురించీ, అందులో దూది లాంటి పదార్థం నింపడం గురించీ, నింపారో లేదో బయట నుంచి కనిపెట్టడం గురించీ ఈ వ్యాసంలో ముచ్చటిస్తాను. ఉష్ణవాహకత పాఠం మనమంతా చదివాం. లీ డిస్కు ప్రయోగం చేసి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుని అటక మీద పడేశాం. ఆ పాఠానికీ ఒక పసివాడి దగ్గుకూ సంబంధం ఉంటుందని నేనైతే అనుకోలేదు.

వాన కోసం పెట్టిన సందు

ముందుగా ఒక సంగతి. ఆ సందును చలి కోసం పెట్టలేదు, వాన కోసం పెట్టారు. బ్రిటన్ పడమటి తీరాన అట్లాంటిక్ సముద్రం మీంచి వచ్చే గాలి వానను అడ్డంగా తోసుకొస్తుంది. మన వాన నెత్తిన పడుతుంది, వాళ్ల వాన చెంప మీద కొడుతుంది. ఇటుక నీళ్లు పీలుస్తుంది గనుక ఒకటే గోడైతే ఆ చెమ్మ లోపలి గచ్చు దాకా వస్తుంది. రెండు గోడలైతే బయటిది తడిసినా నీళ్లు దాని వెనక ముఖం మీదుగా జారి, అడుగున వదిలిన చిల్లుల గుండా బయటికి పోతాయి. లోపలి గోడ పొడిగా ఉంటుంది.

రెండు గోడలూ విడిపోకుండా అక్కడక్కడా లోహపు కట్లు వేస్తారు. పాత కట్లలో చాలావాటికి నడిమధ్యన ఒక మెలిక ఉంటుంది. బయటి గోడ నుంచి కట్టు మీద పాకుతూ వచ్చిన నీటిబొట్టు ఆ మెలిక దగ్గర ఆగి కిందికి రాలిపోవాలని దాని ఉద్దేశం. పెంకుటింటి చూరు చివర బొట్టు నిలబడి నిలబడి రాలడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఆ మెలిక ఎవరి బుర్రలో పుట్టిందో గాని, ఆయనంటే నాకు గౌరవం.

1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. ఇల్లు వెచ్చబెట్టుకోడానికి అయ్యే ఖర్చు చూసుకున్నాక అందరి కన్నూ ఆ ఖాళీ సందు మీద పడింది. బయటి గోడకు బెజ్జాలు వేసి, గొట్టంతో లోపలికి ఏదైనా ఊదితే సరి అనుకున్నారు. ఆ రోజుల్లో ఎక్కువగా ఊదింది యూరియా ఫార్మాల్డిహైడ్ నురగ. అది ఆరేకొద్దీ ముడుచుకుని పగుళ్లిస్తుంది, ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతుంది. కెనడా 1980లో దాన్ని నిషేధించింది. అమెరికా 1982లో నిషేధిస్తే 1983లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. ఇప్పుడు ఎక్కువగా వాడేవి రాతిని గాని గాజును గాని కరిగించి తీసిన పోగులు, లేదా పాలిస్టైరీన్ పూసలు.

కట్టేసిన గాలి

గాలి మంచి ఉష్ణబంధకమని హైస్కూలులోనే చదువుకున్నాం. కదలని గాలి ఉష్ణవాహకత సుమారు 0.025, ఇటుకది 0.6 నుంచి 0.8. అంటే గాలి ఇటుక కంటే పాతిక ముప్ఫై రెట్లు మేలు. అలాంటప్పుడు సందులో రెండంగుళాల గాలి ఉండనే ఉంది కదా, దాన్ని తోసేసి ఇంకేదో నింపడం దేనికి? నాకు మొదట వచ్చిన సందేహం ఇదే. హాస్టల్లో అడిగితే సగంమంది ‘అవును గదా’ అన్నారు, మిగతా సగం అన్నానికి వెళ్లిపోయారు.

మందాన్ని వాహకతతో భాగిస్తే ఉష్ణ నిరోధం వస్తుంది. 50 మిల్లీమీటర్ల గాలి నిజంగా కదలకుండా ఉంటే దాని నిరోధం 0.05 బై 0.025, అంటే 2.0. గోడ సందులో వాస్తవంగా దొరికేది 0.18 మాత్రమే. పదో వంతైనా లేదు! మిగిలింది ఎక్కడికి పోయినట్టు?

రెండు దారుల్లో పోయింది. మొదటిది సంవహనం. లోపలి గోడను ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, బయటి గోడను ఆనుకున్నది చల్లబడి దిగుతుంది. పూర్వం బావి దగ్గర మోట తోలినట్టుగా, ఇక్కడ వేడి నింపుకుని అక్కడ కుమ్మరించి మళ్లీ వస్తుంది. ఎద్దులు లేవు, తోలేవాడు లేడు, రాత్రింబవళ్లు ఆగదు. రెండోది వికిరణం. వెచ్చని ఇటుక ఎదురుగా ఉన్న చల్లని ఇటుకకు వేడిని నేరుగా ఇచ్చేస్తుంది. నడుమ గాలి ఉందా లేదా అని దానికి అక్కర్లేదు.

కాబట్టి గాలి పని చెయ్యాలంటే దాన్ని కట్టెయ్యాలి. చిన్న చిన్న గదుల్లో బంధించి కదలనివ్వకూడదు, ఒక ముఖం నుంచి ఇంకో ముఖం కనిపించనివ్వకూడదు. ఇది మన పెద్దలకు కొత్త కాదు. ఐసు గడ్డ మీద రంపపు పొట్టు పోసి గోనె కప్పేవాడు చేసింది ఇదే. కంబళి చేసేదీ ఇదే, తాటాకు కప్పు చేసేదీ ఇదే. పొట్టులో గొప్పేమీ లేదు, పొట్టు నడుమ ఇరుక్కున్న గాలిదే ఆ గొప్ప. గాజు పోగుల దూదిలో కూడా గాజు కొంచెమే, గాలే ఎక్కువ. దాని వాహకత 0.035 ప్రాంతంలో ఉంటుంది.

ఇప్పుడు గోడ మొత్తం లెక్క వేద్దాం. లోపలి ముఖం దగ్గర గాలి పొర నిరోధం 0.13, గచ్చు 0.03, లోపలి ఇటుక 0.18, సందు 0.18, బయటి ఇటుక 0.13, బయటి ముఖం 0.04. కూడితే 0.69. దీన్ని తిరగేస్తే 1.45. దీన్నే యు విలువ అంటారు. చదరపు మీటరు గోడలోంచి, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, పోయే వాట్లన్నమాట. సందులో పోగులు నింపితే 0.18 బదులు 1.43 వచ్చి మొత్తం 1.94 అవుతుంది. యు విలువ 0.52కి దిగుతుంది. ఇంగ్లండు భవన నిబంధనలు పాత క్యావిటీ గోడను బాగుచేసేటప్పుడు 0.55కి దించాలంటాయి కాబట్టి మన లెక్క దారి తప్పలేదు. కొత్తగా కట్టే ఇంటి గోడైతే 0.26 దాటకూడదు.

ఒక ఇంటికి 80 చదరపు మీటర్ల బయటి గోడ ఉందనుకుందాం. లోపల 18 డిగ్రీలు, బయట 3. ఖాళీ గోడలోంచి 1740 వాట్లు పోతాయి, నింపిన గోడలోంచి 624. తేడా 1100 వాట్ల పైమాటే. ఒక గది హీటరు చలికాలమంతా రాత్రీ పగలూ వెలిగినట్టు.

బూజు లెక్క

ఇక అసలు సంగతి. మా మేనత్త కొడుకు, నాకు వరసకు బావ, లెస్టరులో అద్దె ఇంట్లో కాపురముంటున్నాడు. ఒక రాత్రి ఫోను చేశాడు. “ఏరా, ఫిజిక్సు చదువుతున్నావు గదా. పడగ్గదిలో బీరువా వెనక గోడంతా నల్ల బూజు. తుడిస్తే పది రోజుల్లో మళ్లీ వస్తోంది. పిల్లాడికి రాత్రిళ్లు ఒకటే దగ్గు. ఇంటాయనేమో గోడల్లో ఇన్సులేషన్ నింపించాను, మీరే కిటికీలు తియ్యరు, ఇంట్లో బట్టలారేస్తారు అంటున్నాడు. ఎవరిది నిజం?”

దీన్ని చిన్న విషయమనుకోకండి. 2020 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లో బూజు మధ్య చాలా కాలం ఉండటం వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని చనిపోయాడని 2022 నవంబరులో విచారణాధికారి తేల్చారు. ఆ తల్లిదండ్రులకు కూడా ముందు చెప్పిన మాట మీ అలవాట్లే కారణమని. ఆ పిల్లవాడి పేరనే 2023లో చట్టం వచ్చింది. ఇంగ్లండులో ప్రభుత్వ, సహాయ సంస్థల అద్దె ఇళ్లలో బూజు, చెమ్మ గురించి ఫిర్యాదు వస్తే గడువులోగా చూసి బాగుచెయ్యాలనే నియమం 2025 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. మా బావది ప్రైవేటు అద్దె, కాబట్టి మొదట తేలాల్సింది గోడ సంగతి.

నేను నోటు పుస్తకం తీసి చేసిన లెక్క ఇది. గది గాలి 18 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 70 శాతం అనుకున్నాను. వంట, స్నానం, బట్టలారేయడం, నలుగురి ఊపిరి కలిస్తే అంత సులువుగానే వస్తుంది. 18 డిగ్రీల దగ్గర సంతృప్త బాష్పపీడనం 2064 పాస్కల్స్, అందులో 70 శాతం 1445. ఖాళీ గోడైతే లోపలి ముఖం గది గాలికంటే ఎంత చల్లగా ఉంటుంది? యు విలువ 1.45ని 0.13తో, దాన్ని 15 డిగ్రీలతో గుణిస్తే 2.8. అంటే గోడ ముఖం 15.2 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రత దగ్గర సంతృప్త పీడనం 1727. గోడను ఆనుకున్న గాలి ఆర్ద్రత 1445 బై 1727, దాదాపు 84 శాతం. నింపిన గోడైతే ముఖం 17 డిగ్రీలు, పీడనం 1938, ఆర్ద్రత 75 శాతం.

బూజు మొలవడానికి గోడ మీద నీళ్లు కారనక్కర్లేదు. ముఖం దగ్గర ఆర్ద్రత 80 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే చాలు. చూశారా, అదే గాలి, అదే కాపురం, అవే తడి బట్టలు. గోడ నిండి ఉంటే 75, ఖాళీగా ఉంటే 84. ఆ రెండు డిగ్రీల తేడాలోనే బూజు ఉంది. బీరువా వెనక ఇంకా ఘోరం. గది వేడి అక్కడికి చేరదు కాబట్టి ముఖం మరింత చల్లబడుతుంది.

“బావా, ఇద్దరిదీ నిజం కావచ్చు. కాని గోడ నిండిందో లేదో చూడకుండా నీ తప్పు అనడానికి ఆయనకు లేదు” అన్నాను. ఎలా చూడాలిరా అన్నాడు.

చూసే పద్ధతి

అద్దెకున్నవాడు గోడకు బెజ్జం పెట్టకూడదు. కాని బెజ్జం పెట్టకుండా తెలిసేది చాలా ఉంది.

ముందు ఇటుకల వరస చూడాలి. గోడలో ప్రతి ఇటుకా పొడుగు వైపే కనిపిస్తుంటే అది సాధారణంగా రెండు గోడల నిర్మాణం. ఒక పొడుగు, ఒక పొట్టి, ఒక పొడుగు, ఒక పొట్టి ఇలా కనిపిస్తే ఇటుకలు అడ్డంగా లోపలికి వెళ్లాయన్నమాట, అది నిండు గోడ. అలాంటి గోడకు సందే లేదు, నింపే ప్రశ్నే లేదు. తర్వాత ద్వారబంధం దగ్గరో కిటికీ దగ్గరో మందం కొలవాలి. నిండు గోడ గచ్చుతో కలిపి 9 అంగుళాల పైచిలుకు ఉంటుంది. 260 మిల్లీమీటర్లు దాటితే సందు ఉందనుకోవచ్చు. బయట సున్నమో గులకరాళ్ల పూతో వేసిన ఇంట్లో ఇటుకలు కనబడవు గనుక ఈ కొలతే ఆధారం.

మూడోది బెజ్జాల గుర్తులు. నింపేవాళ్లు ఇటుకల మధ్య సిమెంటు అతుకుల్లో దాదాపు రూపాయి బిళ్లంత బెజ్జాలు వరసగా వేసి, పని అయ్యాక సిమెంటుతో పూడుస్తారు. ఆ పూడ్చిన చుక్కల రంగు ఎప్పుడూ పాత సిమెంటుతో కలవదు. ఏటవాలు ఎండలో గోడ పక్కన నిలబడి చూస్తే ముగ్గు చుక్కల్లా ఒక పద్ధతిలో కనిపిస్తాయి. ఇక్కడ ఒక కిటుకు. చుక్కలు కనిపించగానే సంతోషపడకూడదు, ఏ గోడ మీద లేవో చూడాలి. నిచ్చెన వెయ్యడానికి వీల్లేని చోట, పక్కన రేకుల షెడ్డు ఉన్న చోట, కిటికీల కింద, ముక్కోణపు గోడ కొసన వదిలేసి పోవడం మామూలు. ఏ ఊరి కూలిపనైనా అంతే కదా, చేతికందినంత మేర నున్నగా ఉంటుంది.

నాలుగోది కాగితం. ఇంగ్లండులో, వేల్సులో అమ్మే ఇంటికీ అద్దెకిచ్చే ఇంటికీ ఇంధన పనితీరు సర్టిఫికెట్ ఉండాలి. చిరునామా కొట్టి ఎవరైనా దాన్ని చూడవచ్చు. గోడల గురించి ఒక వరస రాసి ఉంటుంది. ఆ వరస చివర చాలాసార్లు ‘ఊహించినది’ అనే మాట ఉంటుంది! కట్టిన సంవత్సరాన్ని బట్టి ఇలా ఉండవచ్చునని రాసేశారన్నమాట. పరీక్షలో మనం అలా రాస్తే మార్కులు పడవు.

ఐదోది ఉష్ణోగ్రత. వేడిని బొమ్మ తీసే కెమెరా అద్దెకు దొరుకుతుంది. లోపలికీ బయటికీ కనీసం 10 డిగ్రీల తేడా ఉన్న రోజున, ఎండ పడని వేళ, గోడ పొడిగా ఉన్నప్పుడు తియ్యాలి. పొద్దుపోయాకో తెల్లవారుజామునో మంచిది. పగలు తీస్తే గోడకు పట్టిన ఎండే బొమ్మలో కనిపిస్తుంది. బయట నుంచి తీస్తే ఖాళీ చోట్లు వెచ్చగానూ, లోపల నుంచి తీస్తే చల్లగానూ కనిపిస్తాయి. కెమెరా లేకపోతే జ్వరం చూసే తుపాకీ లాంటి పరారుణ థర్మామీటరు చాలు. గోడను గళ్లుగా ఊహించుకుని, ప్రతి గడిలో కొలిచి కాగితం మీద రాసుకోవాలి. హీటరు వెనక కొలవకూడదు. గదుల నడుమ గోడను కూడా ఒకసారి కొలుచుకుంటే పోల్చడానికి ఉంటుంది.

బావ ఒక ఆదివారం ఇదంతా చేశాడు. ముందు గోడ మీద, పక్క గోడ మీద చుక్కలున్నాయి. వెనక గోడ మీద, సరిగ్గా పడగ్గది బయట, ఒక్కటి లేదు. దాని కింద ఎప్పటిదో అద్దాల వసారా ఉంది, నిచ్చెన వెయ్యడానికి చోటు లేదు. థర్మామీటరు కూడా అదే చెప్పింది. ఫొటోలు, అంకెల కాగితం కలిపి పంపితే ఇంటాయన ఇక వాదించకుండా సర్వేయరును పిలిపించాడు. ఆయన అతుకులో సన్నని బెజ్జం వేసి, గొట్టం చివర దీపమున్న చిన్న కెమెరా దూర్చి చూశాడు. డాక్టర్లు కడుపులోకి దించే ఎండోస్కోపు లాంటిదే. లోపల చీకటి, ఇటుకలు, ఒక తుప్పు పట్టిన కట్టు. అంతే.

నింపే ముందు

ఇక్కడ తొందర పనికిరాదు. ఆ సందు పుట్టింది వాన కోసమని మొదట చెప్పాను. దాన్ని నింపితే వాన దారిని మూసినట్టే. మంచి పదార్థం నీటిని పీల్చదు, కిందికి జార్చేస్తుంది. కాని బయటి గోడ అతుకులు ఊడి ఉంటే, చూరు గొట్టం కారుతుంటే, కట్టేటప్పుడు తాపీ నుంచి రాలిన సిమెంటు ముద్దలు సందు అడుగున పేరుకుని ఉంటే, నీళ్లు పోగుల మీదుగా లోపలి గోడకు ఎక్కుతాయి. బ్రిటన్‌లో చలి తగ్గించబోయి చెమ్మ తెచ్చుకున్న ఇళ్లకు కొదవ లేదు. అడ్డవాన బలంగా కొట్టే పడమటి తీరంలోనూ, సందు 50 మిల్లీమీటర్ల కంటే ఇరుకైన చోటా నింపకపోవడమే మేలని నా అభిప్రాయం. అక్కడ వేరే మార్గం చూసుకోవాలి.

కాబట్టి వరస ఇది. ముందు గోడ బాగుచెయ్యాలి, అతుకులు మళ్లీ పూయాలి, కట్ల తుప్పు చూడాలి. వంటగ్యాసుకో హీటరుకో గాలినిచ్చే రంధ్రాలు సందు గుండా పోతుంటే వాటికి తొడుగు వెయ్యాలి. అవి పూడుకుపోతే ప్రాణాపాయం. పాలిస్టైరీన్ పూసలు నింపే గోడలో కరెంటు వైర్లు ఉంటే అవి పూసలకు తగలకూడదు. వైరు మీది పి.వి.సి.ని మెత్తగా ఉంచే ద్రవ్యం పూసల్లోకి వెళ్లిపోయి తొడుగు పెళుసెక్కుతుంది. రసాయనశాస్త్రం వాళ్లకు ఇది నచ్చుతుంది. ఆనుకుని ఉన్న ఇళ్లలో పొరుగువాడి వాటా దగ్గర సందులో అడ్డుగా బ్రష్షు దూర్చాలి, లేకపోతే మన పూసలు వాళ్లింట్లోకి పోతాయి. పాతది తడిసి ముద్దయి ఉంటే అడుగున ఇటుకలు తీసి, పీల్చే యంత్రంతో మొత్తం లాగేసి, ఆరనిచ్చి కొత్తగా నింపాలి. పూసలకు జిగురు కలిపి ఊదితే తర్వాత ఇటుక తీసినా రాలవు.

బావ వాళ్ల వెనక గోడ నింపారు. బూజు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. మా లెక్కలో 70 శాతం అనుకున్నాం గాని, వాళ్ల పడగ్గదిలో బట్టలారేసిన రోజున 80 దాటుతుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు వంటింట్లో ఫ్యాను పెట్టించారు. అక్క బట్టలు స్నానాల గదిలో ఆరేసి తలుపు మూస్తోంది. బీరువాను గోడ నుంచి జానెడు ముందుకు జరిపారు. ఆ జానెడు దూరానికి పైసా ఖర్చు లేదు.

మన ఇళ్ల మాట

ఇదంతా చదివి మనకూ రెండు గోడలు కడదామా అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాట మా ఇంట్లోనే వచ్చింది. మాది పల్నాడు. తాతల నాటి మట్టిగోడల ఇల్లు దించి డాబా వేద్దామని మా నాన్న అంటున్నాడు. మా నానమ్మ వద్దంటోంది. వేసవిలో మధ్యాహ్నం ఆ ఇంట్లో పడుకున్నవాళ్లెవరూ నానమ్మ మాట తోసేయలేరు.

కాని మట్టిగోడ చేసేది ఇన్సులేషన్ పని కాదు. అడుగున్నర మందం మట్టిగోడ యు విలువ లెక్క కడితే 1.3 ప్రాంతంలో వస్తుంది. పోగులు నింపిన ఇంగ్లండు గోడ ముందు అది ఎందుకూ కొరగాదు. అది వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నం బయటి ముఖానికి తగిలిన వేడి అల లోపలికి చేరడానికి పన్నెండు గంటలు దాటుతుంది, వచ్చేసరికి నీరసించిపోతుంది. అప్పటికి తెల్లవారుజాము, తలుపులు తీసి ఉంటాయి. నాలుగంగుళాల కాంక్రీటు స్లాబుకు ఆ ఆలస్యం మూడు గంటలే. మధ్యాహ్నం ఎండ సాయంత్రానికల్లా మంచం మీదికి దిగుతుంది.

గోడల సంగతికొస్తే, లారీ బేకర్ (1917-2007) బ్రిటన్‌లో పుట్టి కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి. ఇటుకలను పక్కకు నిలబెట్టి, నడుమ గుళ్లు వదులుతూ తొమ్మిదంగుళాల గోడ కట్టే పద్ధతికి మన దేశంలో ప్రచారం తెచ్చింది ఆయనే. దాని ఇంగ్లీషు పేరుకు అర్థం ఎలుకల బోను. నాలుగో వంతు ఇటుక ఆదా అవుతుంది. వేడి మాటకొస్తే ఆశ ఎక్కువ పెట్టుకోకూడదు. నిండు గోడ యు విలువ 1.9 ఉంటే బోలు గోడది నా లెక్కలో 1.7, 1.8 మధ్య. గుళ్లల్లో గాలిని కట్టెయ్యలేదు గదా, పైగా అడ్డం ఇటుకలు వేడికి వంతెన వేస్తాయి. ఇటుక ఆదాకు కట్టాలి గాని చల్లదనానికని కాదు.

మన శత్రువు గోడలో లేడు, నెత్తిమీదున్నాడు. వేసవిలో మన అక్షాంశాల దగ్గర మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. గోడలకు నీడ దొరుకుతుంది, స్లాబుకు దొరకదు. నాలుగంగుళాల స్లాబు యు విలువ సుమారు 3.5. బావ వాళ్ల ఖాళీ గోడకు రెండు రెట్ల పైన! దాని పైన 50 మిల్లీమీటర్ల పాలిస్టైరీన్ పలకలు పరిచి, మీద సిమెంటు, పెంకు వేస్తే 0.6 లోపుకు వస్తుంది. పలకలు స్లాబు పైనే వెయ్యాలి, కింద కాదు. కింద వేస్తే స్లాబు ఎండకు సాగి ముడుచుకునే బాధ అలాగే ఉండిపోతుంది. అంత డబ్బు లేనివాళ్లకు సున్నం ఉంది. బూడిద రంగు స్లాబు మీద పడ్డ ఎండలో మూడింట రెండు వంతులు తాగేస్తుంది, కొత్త తెల్లసున్నం పావు వంతు మాత్రమే తాగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఐదేళ్లకు చల్లని కప్పుల విధానం ప్రకటించింది. 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు అందులో ఇది తప్పనిసరి. అంతకు లోపు ఇళ్లకు ఐచ్ఛికం. మన ఇళ్లలో చాలావాటి సంగతి ఆ రెండో మాటలో ఉంది.

సంక్రాంతి సెలవుల్లో ఈ లెక్కలన్నీ నాన్న ముందు పెట్టాను. ఆయన అంకెలు చూడలేదు. “పలకల మీద వడ్లు ఆరబోసుకోవచ్చా?” అని అడిగాడు. మీద సిమెంటు, పెంకు ఉంటాయి గనుక పోసుకోవచ్చన్నాను. నానమ్మ తన గది మటుకు పాత మట్టిగోడలతోనే ఉంచమంది. మేస్త్రి దానికేమీ అభ్యంతరం చెప్పలేదు గాని, బోలు గోడ మాట వినగానే నవ్వి, మా ఊరి బట్టీ ఇటుకలు ఒకదానికొకటి కొలత కలవవనీ, అలాంటి గోడకు సమంగా కోసిన ఇటుక తెప్పించాలనీ అన్నాడు. అది నిజమే. పెరట్లో నాలుగు వరసలు కట్టి చూపించమన్నాం. పునాది ఉగాది తర్వాత.